సార్ మాట వచ్చేదాకా

ఆగమన్నాడు, ఆగాడు. అందులో తప్పెక్కడుంది?

ఆగమన్నప్పుడు ఆగని మనిషిని చందర్ కళ్లారా చూశాడు. బొగ్గుబాయిలో బొగ్గు కోసం మందు పేల్చాక పొగ ఇంకా సరిగా పోలేదు. పనివాళ్ల భద్రత చూసే సర్దార్ ముందుకెళ్లి ఇనుప కడ్డీతో గని కప్పు కొట్టి చూడలేదు, రమ్మని కేకేయలేదు. నీళ్ల డబ్బా అక్కడే మరిచానని బిచ్యా నాలుగడుగులు వేశాడు. నాలుగంటే నాలుగే. పైనుంచి రాతిపలక దిగింది. బిచ్యా ఇవాళ్టికీ ఎడమకాలు ఈడ్చుకుంటూనే ఇల్లందు బస్టాండులో బస్సెక్కుతాడు. ఆ రోజు అతని వెనకే నిలబడి ఉన్న చందర్‌కు ఒక సంగతి ఎముకల్లోకి దిగిపోయింది: తెలిసినవాడి మాట వచ్చేదాకా కాలు కదపకూడదు. ఆ తర్వాత ఆరేళ్లు భూమి కింద పనిచేశాడు. చిన్న గాయం కూడా కాలేదు.

మరి అదే బుద్ధి షేర్ల దగ్గర ఎందుకు ముంచినట్టు?

లోపలి గదిలో కుట్టుమిషన్ ఆగింది. దాంతోపాటు చందర్ ఆలోచనా ఆగింది. భార్య సరిత లేచి వస్తుందేమోనని చూశాడు. రాలేదు. దారం తెగినట్టుంది, మళ్లీ మొదలుపెట్టింది.

శుక్రవారం సాయంత్రం నుంచి ఆ క్వార్టర్‌లో ఆమె తరఫున మాట్లాడుతున్నది ఆ మిషన్ ఒక్కటే. ఇవాళ ఆదివారం. అన్నం వడ్డిస్తుంది, చారు పోస్తుంది, గ్లాసు దగ్గరికి జరుపుతుంది. నోరు మాత్రం విప్పదు. బస్టాండు సందులో టైలరింగ్ షాపు పెట్టుకోవాలని ఆమె ఆరేళ్లుగా కూడబెట్టుకున్న రెండు లక్షల డెబ్బై వేలలో రెండు లక్షలు తీసి, చందర్ ఆమెకు మాట మాత్రం చెప్పకుండా, ఒక పైపుల కంపెనీ షేర్లలో పెట్టాడని శుక్రవారమే తెలిసింది. తెలిసినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే.

"ఎంత మిగిలింది?"

"లక్షా నలభై ఎనిమిది."

అంతే. తిట్టలేదు. ఏడవలేదు. తిట్టి ఉంటే చందర్ కూడా నాలుగు మాటలనేవాడు. ఆ నాలుగు మాటల్లో తన తప్పు కొంత ఆమె మీదికి పోయేది. ఆమె ఆ అవకాశమే ఇవ్వలేదు.

వరండాలో సమ్మయ్య కుర్చీ కిర్రుమంది. చందర్ తండ్రి. ముప్పై మూడేళ్లు బాయిలో పనిచేసి, సర్దారుగా రిటైరైన మనిషి. ఆయనా మూడు రోజులుగా కొడుకును చూడవలసిన చోట గోడను చూస్తున్నాడు.

పన్నెండు కొట్టేవేళ బయట బండి ఆగింది. చర్చిలో పూజ ముగించుకుని, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో ఆంథోని దిగాడు. ఓపెన్‌కాస్ట్ గనిలో ఎలక్ట్రీషియన్. ఇప్పుడు అక్కడే చందర్ పంపు కాపలా ఉండే చోటికి రోజూ వస్తాడు. ఖమ్మంలో తిరుమల సార్ దగ్గర ట్రేడింగ్ క్లాసు ఉందని చెప్పి తీసుకెళ్లింది ఆయనే.

"కాకా, బాగున్నవా?"

"నాకేమైంది, బాగనే ఉన్న," అన్నాడు సమ్మయ్య. "మీ సారు ఎట్లున్నడు? సిగ్నల్ అందిందా ఆయనకు?"

షేరు పడిపోతున్న ఆ వారం, మంగళవారం దాటాక సార్ ఫోను ఎత్తలేదు. పర్ణశాల వెళ్లాడనీ, గోదారి ఒడ్డున సిగ్నల్ లేదనీ ఆంథోనే చెప్పాడు. సమ్మయ్య ఆ మాటను దాచిపెట్టుకున్నాడు.

ఆంథోని నవ్వబోయి మానుకున్నాడు. "వచ్చిండు కాకా. నిన్న మాట్లాడిన. చందర్ సంగతి చెప్పిన. చాన బాధపడ్డడు."

"ఎన్ని వేల బాధ?"

"ఏందో, నువ్వు ఊకె గట్లనే అంటవ్." ఆంథోని చందర్ వైపు తిరిగాడు. "తమ్మీ, సార్ పర్సనల్ మెంటార్‌షిప్‌ల ఒక సీటు నీకోసం ఆపిండు. ఒక్కటే. ఏడాదికి అరవై వేలు. రేపు పొద్దున పది గంటల్లోపు కట్టాలె. పోయినయన్ని నాలుగు నెలల్ల రాబట్టిస్త అన్నడు."

అరవై వేలు. బ్యాంకులో సరిత పేరిట మిగిలింది డెబ్బై. చందర్ లెక్క వేయలేదు, లెక్కే వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ డబ్బు కూడా పోతే ఇక షాపు మాట ఎత్తే పని లేదు.

"సార్ ఫోటో చూసినవ్ గద కాకా," ఆంథోని ఫోను తీశాడు. "గీ నల్లకారు. ట్రేడింగ్ మీదనే కొన్నడు."

సమ్మయ్య కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "ఆయన ఆఫీసు కింద ఏముంటది రా?"

"షోరూం."

"దేనిది?"

ఆంథోని ఫోను జేబులో పెట్టుకున్నాడు. "కార్లది," అన్నాడు మెల్లగా.

చందర్‌కు నవ్వు రాలేదు. అతని మనసు వేరేచోట ఇరుక్కుంది. "అన్నా, ఒకటి చెప్పు. సార్ నన్ను ఆగమన్నడు. 'నేను చెప్పేదాక కదలకు' అని మంగళవారం మెసేజ్ పెట్టిండు. మరి అమ్ముమని ఎందుకు చెప్పలే?"

"చెప్పిండు తమ్మీ. బుధవారమే చెప్పిండు."

"నాకు రాలే."

"నీకెట్ల వస్తది? నువ్వున్నది మామూలు గ్రూపు. దాంట్ల కొనేదే చెప్తరు. ఎప్పుడు బయటపడాల్నో పర్సనల్ గ్రూపుల చెప్తరు. అందుకే అంటున్న, కట్టెయ్ అని."

చందర్ తల ఊపాడు. ఇందులో న్యాయం ఉన్నట్టే అనిపించింది ఒక్క క్షణం. తక్కువ కట్టినవాడికి తక్కువ. బస్సులో కూడా అంతే కదా. ఆ తర్వాత ఆలోచన ఇంకో అడుగు వేసింది.

"నువ్వు పర్సనల్‌ల ఉన్నవ్ గద అన్నా?"

"అవ్."

"బుధవారం చూసినవా మరి?"

ఆంథోని చొక్కా మడతను వేళ్లతో సరిచేసుకున్నాడు.

"గురువారం మనిద్దరం ఒక్క బస్సుల పోయినం. ఒక్క సీటుల కూసున్నం. నేను 'సార్ మెసేజ్ పెట్టలే, ఏం జెయ్యాలె' అని నిన్నే అడిగిన. నువ్వు సిగ్నల్ లేదన్నవ్."

"బయటికి చెప్తే తీసేస్తరు తమ్మీ. రూలు గది. అరవై వేలు కట్టినోణ్ని, నేనేం జెయ్యాలె చెప్పు? ప్రభువు సాక్షిగ చెప్తున్న, నాకు నిద్ర పట్టలే ఆ దినం."

ఎదుటి క్వార్టర్‌లో ఎవరో టీవీ పెద్దగా పెట్టారు, వెంటనే తగ్గించారు.

సమ్మయ్య గొంతు ఈసారి వెటకారంగా లేదు. "కప్పు పలుకుతున్నది, కూలుతదని తెల్సి, పక్కోన్ని పిలవనోడు బాయిల ఎవడన్న ఉన్నడారా ఆంథోనీ? మనకు పడనోడు కూడ పిలిచేటోడు. నీ నాయిన నాతోని రెండేండ్లు మాట్లాడలే. అయినా నన్ను చెయ్యి పట్టి గుంజిండు."

ఆంథోని ముఖం ఎర్రబడింది. "గది బాయి కాకా. ఇది యాపారం."

"అవ్ రా. గదే అంటున్న."

అప్పుడు మిషన్ ఆగింది. సరిత గడపలోకి వచ్చి నిలబడింది. మెడలో టేపు, చేతిలో ఎవరిదో జాకెట్టు.

"కట్టు," అంది.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడిన ఆమె గొంతు అది.

"వెటకారం జేస్తున్నవా?" అన్నాడు చందర్.

"నాకు ఎంద్కు వెటకారం? నేను నేర్చుకున్నప్పుడు కట్టలేదా? మంగమ్మ దగ్గర ఆర్నెల్లు, నెలకు వెయ్యి. మా అమ్మ తిట్టింది, ఊకె చూస్తే రాదా కుట్టు అని. ఊకె చూసి నేర్చుకున్న పిల్ల మా వాడల ఒకతి ఉండె. ఎంతమంది బట్ట ఖరాబు జేసిందో. పైసలు కట్టకుంటె ఎవరి బట్టనో కోస్తం గంతే." ఆమె చందర్‌ను సూటిగా చూసింది. "ఈసారి నా బట్ట కోసినవ్."

"చెల్లె మంచిగ చెప్పింది," అన్నాడు ఆంథోని, ఊరట పడి.

"నీకోసం చెప్పలే అన్నా," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆంథోని టీ కూడా తాగకుండా బండెక్కాడు. "పది గంటలు తమ్మీ, మర్చిపోకు," అన్నాడు. రోజూ చెప్పినట్టు 'వస్త' అని మాత్రం అనలేదు.

*

ఆమె వద్దంటుందని అతను అనుకున్నాడు. వద్దంటే ఎంత బాగుండేదో మధ్యాహ్నమంతా మంచం మీద పడుకుని ఊహించుకున్నాడు. వద్దంటే కట్టకుండా ఉండవచ్చు, ఆపైన సార్ దగ్గర ఉన్నవాళ్లంతా బాగుపడుతుంటే 'మా ఇంట్ల కట్టనియ్యలే' అని బస్సులో చెప్పుకోవచ్చు. కట్టమనడంలో ఆ వెసులుబాటు లేదు. ఆమె అతని చేతుల్లో ఏదో పెట్టి పక్కకు తప్పుకుంది. అది బరువుగా ఉంది.

అసలు తాను ట్రేడింగ్‌లోకి ఎందుకు వచ్చాడు? డబ్బుకే అని అందరికీ చెప్పాడు. కానీ పంపు దగ్గర ఎనిమిది గంటలు ఒంటరిగా కూర్చుని, గుంతలో నీళ్లు ఎంత దిగాయో చూడటం తప్ప ఏమీ లేనప్పుడు, ఫోను తెరపై పచ్చ, ఎర్ర గీతలు చూస్తుంటే అనిపించిందేమిటంటే, ఇక్కడ షిఫ్టు ఈల లేదు, మస్టర్ హాజరు లేదు, ఎవరూ పిలవరు, ఎవరూ ఆపరు. ఎవరి మాటా వినక్కర్లేని పని ఒకటి ఉందన్నమాట. ఆ పని దొరకగానే తాను మొట్టమొదట చేసిందేమిటి? ఎవరి మాట వినాలా అని వెతుక్కున్నాడు.

ఈ ఆలోచన అతనికి నచ్చలేదు. పక్కకు తిరిగి పడుకున్నాడు.

పొద్దు వాలాక వంటింట్లోకి వెళ్లాడు. సరిత నేల మీద కూర్చుని, భుజం బిగుసుకుపోయిన జాకెట్టుకు కుట్లు విప్పుతోంది. పక్కన అతని లాంగ్‌బుక్ ఉంది. ఖమ్మంలో నాలుగు ఆదివారాలు క్లాసుకు పట్టుకెళ్లింది. ఆ క్లాసుకు పాతిక వేలు కట్టాడు. ఓవర్‌టైం డబ్బు కాబట్టి అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు.

"చదివినవా?" అన్నాడు.

"కొంచెం సమజైంది, కొంచెం గాలే." ఆమె పేజీ తిప్పింది. "ఇది నీ రాతే గద?"

అతని రాతే. పైపుల కంపెనీ పేరు, కొన్న తేదీ. కింద: 'పెట్టింది రెండు లక్షలు. లక్షా ఎనభైకి దిగితే అమ్మేయాలి. ఆలోచించొద్దు.' ఆలోచించొద్దు కింద రెండు గీతలు.

"గిట్ల రాయమని ఎవరు చెప్పిండ్రు?"

"సారే. మూడో క్లాసుల. కొనేముందే రాసుకోవాలె, తర్వాత భయంల బుర్ర పనిచెయ్యదు అన్నడు. స్టాప్‌లాస్ అంటరు."

"మంచిగనే చెప్పిండు గద."

"మంచిగనే చెప్పిండు."

"లక్షా ఎనభై ఎప్పుడైంది?"

"మంగళవారం. పొద్దుగాలనే."

"మరి?"

చందర్ గోడకు చేరగిలబడ్డాడు. "అమ్ముదామనే తీసిన ఫోను. ఊకె ఒక మాట అడుగుదామని మెసేజ్ పెట్టిన. ఆగు, నేను చెప్పేదాక కదలకు అన్నడు."

సరిత పిన్నుతో ఒక కుట్టు లాగింది. దారం బయటికొచ్చింది. "సారే రాయమన్నడు. సారే ఆగమన్నడు. నువ్వు పాతిక వేలు పెట్టి నేర్చుకున్న మాట పక్కకు పెట్టి, ఫోన్ల వచ్చిన మాట ఇన్నవ్."

"ఆయనకు తెల్సు గద నాకంటె."

"నీకు తెల్వకనా గీ రెండు గీతలు గీసినవ్?"

అతనికి గుర్తొచ్చింది బిచ్యా కాలు. అది ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు.

"నువ్వు వద్దంటే కట్టను సరితా."

"నేననను."

"మధ్యానం కట్టమన్నవ్."

"అన్న. ఎందుకన్న? నువ్వు మానవని నాకు తెల్సు. ఇయ్యాల మానేస్త అంటవ్, పంపుకాడ కూసోని మల్ల ఫోన్ తీస్తవ్. తెల్వక చేసుడు కంటె పైసలు పోయినా నేర్చుకోని చేసుడు నయం అనుకున్న. కానీ వద్దని మాత్రం నా నోట అనిపియ్యకు. రేపు పెరిగిందనుకో, బతికినంత కాలం నన్నే అంటవ్."

"మరేం జెయ్యాలె?"

"మల్ల గదే అడుగుతున్నవ్!" ఆమె మొదటిసారి గొంతు పెంచింది. వరండాలో కుర్చీ కిర్రుమనడం ఆగింది. ఆమె స్వరం దించుకుంది. "మంగమ్మ మొదటి దినమే చెప్పింది. ఆర్నెల్లకు నువ్వే కత్తెర పట్టాలె, నేను పక్కన గూడ ఉండ, పట్టలేకపోతె నీ పైసలు వాపస్ అని. మీ సారు ఏమన్నడు? ఏడాది అయినంక నీకు ఏం వస్తది?"

చందర్ గుర్తు చేసుకున్నాడు. ఆంథోని తాను చేరినప్పుడు చూపించిన కాగితంలో చివరి వరుస. "ఏడాది అయినంక రెన్యువల్ ఉంటది. పది శాతం తక్కువకు."

సరిత ముక్కుతో నవ్వింది. జాకెట్టు ఎత్తి వెలుతురుకు పట్టుకుని చూసింది. "నీ ఇష్టం. పాస్‌బుక్ దేవుని అల్మారాల ఉంది," అని లేచింది.

ఇష్టం అన్న మాట ఎంత క్రూరమైనదో చందర్‌కు అప్పుడు తెలిసింది.

*

సోమవారం అతనికి రెండో షిఫ్టు. పొద్దున ఎనిమిదిన్నరకు సమ్మయ్య కిటికీ ఊచకు అద్దం వేలాడదీసి గడ్డం గీసుకుంటున్నాడు. సగం ముఖం మీద తెల్లటి నురుగు. చందర్ స్టూలు మీద కూర్చున్నాడు. రాత్రంతా సిద్ధం చేసుకున్న ప్రశ్న అడిగాడు.

"నాయినా, కట్టాల్నా వద్దా?"

"నాకేం తెల్సు రా గా షేర్ల సంగతి."

"తెల్సినా తెల్వకున్నా ఒక మాట చెప్పరాదు."

సమ్మయ్య బ్లేడు నీళ్లలో కడిగాడు. కొడుకు వైపు తిరగకుండా అద్దంలోంచే చూశాడు.

"నేను కూడ కట్టిన," అన్నాడు.

"ఎవరికి?"

"వెంకటనారాయణకు. నా సర్దార్. ఊకె నేర్పుతడా ఎవడైనా? జీతం పడ్డ దినం ఒక కోడి, అర సీసా. మీ అమ్మ తిట్టేది, ఇంట్ల పొయ్యి మీద పులుసు లేదు, ఆనికి కోడి ఎంద్కు అని. ఏడాదిన్నర ఇచ్చిన. ఇప్పటికీ గా కోళ్లు దండుగ అనుకోను."

చందర్ స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. ఇదే మాట అనుకున్నాడు. కట్టమనే అంటున్నాడు నాయిన.

"ఏం నేర్పిండు?"

"కప్పు కొట్టుడు. కుడిచేత్తో కడ్డీతో కొట్టాలె, ఎడమచెయ్యి రెండు వేళ్లు రాయికి ఆనించాలె. గట్టిగ ఉంటె గణగణ అంటది. వదులైతె డొల్ల చప్పుడు. చప్పుడు మోసం చేసినా వేళ్లు మోసం చెయ్యవు, వణుకు తెలుస్తది. ఏడాదిన్నర నేను కొట్టుడు, ఆయన ఇనుడు. తప్పు చెప్తే బూతులు తిట్టుడు. ఒక దినం..."

ఆయన ఆగాడు. చెంప మీద నురుగు ఎండిపోతోంది.

"ఒక దినం దూరంగ ఆగిండు. 'పోయి చూసి రా' అన్నడు. పోయిన, కొట్టిన, చూసిన. 'బాగుంది సర్దార్' అన్న. ఆయన మల్ల కొట్టి చూడలే. సక్కగ వచ్చి నేను చూపిచ్చిన జాగల, దాని కిందనే నిలబడి బీడీ... అగ్గి పనికిరాదు గద లోపల, పొగాకు నోట్ల పెట్టుకోని నమిలిండు. నిమ్మలంగ. ఇద్దరు పిల్లలున్నరు ఆయనకు. నా మాట మీద నిలబడ్డడు."

బయట పాలవాడు పిలిచాడు. ఎవరూ కదల్లేదు.

"గా నెల నుంచి కోడి తీసుకోలే. 'ఇంక నాకెంద్కు రా' అన్నడు."

చందర్‌కు తిరుమల సార్ ముఖం గుర్తొచ్చింది. మంచి మనిషిలాగే కనిపించేవాడు. ఓపికగా చెప్పేవాడు. నాలుగు ఆదివారాల్లో ఒక్కసారైనా 'నువ్వు చెప్పు చందర్, ఏం కొనమంటవ్, నా పైసలు నీ మాట మీద పెడ్త' అనలేదు. అలా ఎవరైనా అంటారని కూడా చందర్‌కు తట్టలేదు.

"అయితె వద్దంటవా?" అన్నాడు.

"నేను వద్దన్ననా?" సమ్మయ్య ఇప్పుడు తిరిగి చూశాడు. సగం గీసిన ముఖంతో ఆయన చందర్‌కు తెలియని మనిషిలా ఉన్నాడు. "ఇంకోటి ఇను. ఎవ్వనికి చెప్పలే ఇది. నేను సర్దారునైనంక పందొమ్మిదేండ్లు పనిచేసిన. ఎంతమంది నా చేతి కింద నేర్చిండ్రు. ఒక్కనికి గూడ గట్ల చెయ్యలే నేను. ఒక్కని మాట మీద నిలబడలే. భయం. 'నేను చెప్పేదాక కదలకుండ్రి' అనుడే నేర్పిన. ఆగుడు నేర్పుతె సర్దారుకు నిమ్మలం ఉంటది. అందరు మంచోళ్లు, అందరు నేను చెప్పేదాక నిలబడేటోళ్లు."

ఆయన అద్దం వైపు తిరిగాడు.

"నిన్ను తీసుకపోయి నేర్పినోళ్లు నా కాడ నేర్చినోళ్లే. నువ్వు మంగళవారం నిలబడ్డవ్ సూడు ఫోన్ పట్టుకోని, గది మీ సారు కాడ నేర్చింది కాదు."

గీసుకోవడం మళ్లీ మొదలుపెట్టాడు. చందర్ ఏదో అనాలనుకున్నాడు. 'నీ తప్పేం లేదు నాయినా' అనడం తేలిక. కానీ అది నిజం కాదు. 'నీ తప్పే' అన్నా నిజం కాదు. ఆ ఆగడమే తన ప్రాణం కాపాడింది కూడా. రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయి. మనిషికి ఏది ఎక్కడ విడిచిపెట్టాలో చెప్పే క్లాసు ఎక్కడుంది, దానికెంత కట్టాలి?

*

తొమ్మిదీ పదిహేనుకు మార్కెట్ తెరుచుకుంది.

చందర్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పాస్‌బుక్ అల్మారాలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కట్టాలో వద్దో ఇంకా తేలలేదు. పదింటికి నలభై అయిదు నిమిషాలు ఉంది.

తెర మీద అంకెలు కదిలాయి. లక్షా నలభై ఎనిమిది వేలు. నలభై తొమ్మిది. కొద్దిగా పచ్చరంగు. గుండె లేచింది. లక్షా యాభై ఒకటి. ఇదుగో, పెరుగుతోంది. ఇప్పుడు అమ్మడం పిచ్చితనం. ఇంకొంచెం ఆగితే లక్షా అరవై, ఆపైన లక్షా ఎనభై, అప్పుడు సరిత ముఖం చూడొచ్చు. ఆగాలి. ఆగడం తనకు వచ్చిన విద్య.

వచ్చిందా? ఆగడానికి కారణమేమిటని తనను తాను అడిగాడు. కంపెనీ బాగుందనా? తెలియదు. చార్టు చెప్పిందా? లేదు; క్లాసులో నేర్చుకున్న లెక్కన ఇది ఇంకా దిగే చార్టే. కొత్తగా ఇవాళ కొనేవాడైతే దీన్ని కొంటాడా? కొనడు. మరి ఎందుకు ఉంచుకున్నాడు?

మంగళవారం ఒకరు కదలకు అన్నారు కాబట్టి.

అన్న మనిషి బుధవారమే వెళ్లిపోయాడు. అతను ఖాళీ చేసిన చోట చందర్ ఇంకా నిలబడి ఉన్నాడు. ఆ తర్వాతి మాట ఇక రాదు. అరవై వేలు కట్టినా రాదు. వచ్చేది వేరే షేరు గురించిన మాట.

ఫోను మోగింది. ఆంథోని. చందర్ మోగనిచ్చాడు. ఆగింది. మరుక్షణం తన బొటనవేళ్లు ఏదో రాస్తున్నాయని గమనించాడు. 'సార్, ఇప్పుడు అమ్మమంటారా' అని తిరుమల సార్ పేరు కింద అక్షరాలు నిలబడి ఉన్నాయి. ఎప్పుడు తెరిచాడో, ఎప్పుడు రాశాడో అతనికే తెలియదు. పంపాలంటే ఒక్క నొక్కు.

అతను ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు. సిగ్గుతో కాదు, కొంచెం జాలితో, తెలిసిన మనిషెవరో దారిలో ఎదురైనట్టు. తర్వాత చివరి నుంచి ఒక్కొక్క అక్షరమే చెరిపాడు. 'సార్' చివర్న పోయింది.

ట్రేడింగ్ పేజీ మళ్లీ తెరిచాడు. లక్షా యాభై వేల ఎనిమిది వందలు. అమ్మిన తర్వాత పెరగవచ్చు. వంద సార్లు పెరగవచ్చు. అప్పుడు నింద మోసేది తానొక్కడే.

సరిత గదిలోకి వచ్చింది, బీరువా మీది కత్తెర తీసుకుంది, అతని చేతిలోని ఫోనును చూసింది, ఏమీ అడగకుండా వెళ్లిపోయింది.

అమ్మాలా అని ఫోను అడిగింది. అమ్మాలన్నాడు. ఖాయమేనా అని మళ్లీ అడిగింది. కిటికీ దగ్గర నాయిన అద్దం తీసి గుడ్డతో తుడుస్తున్నాడు. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.

చందర్ బొటనవేలిని తెర మీద ఆనించి, అమ్మకం గుర్తును కుడివైపుకు, చివరిదాకా జరిపాడు.